తొలినాళ్ళ అంతర్జాలంలో తెలుగు: గతకాలపు బెంగ, లిపి, పాఠం

వ్యాససంగ్రహం

డయల్‌అప్ మోడెమ్ చప్పుడు, ఎస్టీడీ బూత్, నెట్ సెంటర్, కీప్యాడ్ ఫోను వంటి నిన్నటి సాధనాలను తలచుకొని మురిసిపోయే ధోరణి నేడు విస్తృతంగా కనిపిస్తుంది. ఈ తలపోతలో సాధనాలకు దక్కిన చోటు, వాటి మీద రాసిన తెలుగుకు దక్కలేదు. 1990ల నుంచి తెలుగు తెర మీదికి వచ్చిన మూడు మార్గాలను, అంటే రోమన్ లిప్యంతరీకరణను, ఫాంటుకు కట్టుబడిన లిపిని, యూనికోడ్‌ను ఈ వ్యాసం వివరిస్తుంది. వాటిలో ఏది నేటికీ చదవగలిగే స్థితిలో ఉందో, ఏది ఎందుకు చెదిరిపోయిందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అంతర్జాలం, గతకాలపు బెంగ, లిప్యంతరీకరణ, ఆర్‌టీఎస్, ఫాంటు, యూనికోడ్, డీటీపీ, పాఠపరిరక్షణ

1. ఉపోద్ఘాతం

ఒక తరం తెలుగువారికి అంతర్జాలం మొదట చెవికి పరిచయమైంది. కంప్యూటరు పక్కన పెట్టిన చిన్న పెట్టె టెలిఫోను నంబరు డయల్ చేయడం, అవతల ఫోను మోగడం, ఆపైన సన్నని కూత, గరగర, బుసబుస, చివరికి ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే అనుసంధానం కుదిరిందనడానికి గుర్తు. నేడు ఆ చప్పుడును ప్రత్యేకంగా వెతుక్కొని వినేవారున్నారు. దానితోపాటే పసుపు రంగు బోర్డున్న ఎస్టీడీ బూత్, గంట లెక్కన డబ్బు తీసుకున్న నెట్ సెంటర్, ఎంసెట్ ర్యాంకు చూసుకోవడానికి అక్కడ కట్టిన వరుస, 1.44 మెగాబైట్ల ఫ్లాపీ, పెన్సిలుతో రీలు తిప్పిన క్యాసెట్ కూడా తలపుకు వస్తాయి.

ఈ తలపోత సహజమైనదే, తప్పుపట్టవలసిన పనిలేదు. అయితే తెలుగు భాషాసాహిత్య పరిశోధనకు ఇందులో ఒక ప్రశ్న ఉంది. ఆ సాధనాల మీద తెలుగువారు కేవలం ఫలితాలు చూసుకోలేదు. ఉత్తరాలు రాశారు, పద్యాలు వాదించుకున్నారు, పత్రికలు నడిపారు, పుస్తకాలు అచ్చుకు సిద్ధం చేశారు. ఆ రాతలన్నీ ఏ అక్షరాల్లో ఉన్నాయి? వాటిని ఇప్పుడు తెరిస్తే ఏమి కనిపిస్తుంది?

2. బెంగ: మాట, భావం

నేడు ‘నోస్టాల్జియా’ అని వాడుతున్న మాటను 1688లో బాసెల్ విశ్వవిద్యాలయంలో జొహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి తన సిద్ధాంతవ్యాసంలో కల్పించాడు. ఇంటికి తిరిగి రావడం, బాధ అనే అర్థాలున్న రెండు గ్రీకు పదాల కలయిక అది. స్వదేశానికి దూరమైన స్విస్ వారిలో కనిపించిన ఒక వ్యాధికి ఆయన పెట్టిన పేరది. అంటే మొదట అది కాలానికి కాక చోటుకు సంబంధించిన బాధ. తెలుగులోని ‘బెంగ’ నేటికీ అక్కడే ఉంది. పిల్లవాడు అమ్మ మీద బెంగపెట్టుకుంటాడు, కొత్తకోడలు పుట్టింటి మీద బెంగపెట్టుకుంటుంది. గడిచిన కాలం మీద బెంగ అనాలంటే ‘గతకాలపు’ అనే విశేషణం చేర్చవలసి వస్తుంది. విశేషణం అవసరమైందంటే, ఈ భావం తెలుగు వాడుకలోకి కాస్త ఆలస్యంగా వచ్చిందని ఊహించవచ్చు.

స్వెత్లానా బోయిమ్ 2001లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ భావాన్ని రెండు తీరులుగా విభజించింది. పోయినదాన్ని తిరిగి నిలబెట్టాలని చూసేది ఒకటి. పోయిందని తెలిసి, ఆ పోవడాన్ని గురించే ఆలోచించేది మరొకటి. పాత పరికరాల మీది బెంగ చాలావరకు మొదటి తీరుది. పాత ఫోను నమూనాను మళ్ళీ తయారుచేసి అమ్మవచ్చు, మోడెమ్ చప్పుడును రికార్డు చేసి దాచవచ్చు. పాఠం విషయంలో ఇది చెల్లదు. చదవడం కుదరని పాఠాన్ని నమూనాగా తిరిగి తయారుచేయడం సాధ్యం కాదు కనుక, ఇక్కడ రెండో తీరు ఆలోచన అవసరమవుతుంది.

3. టెలిఫోను తీగ మీద అంతర్జాలం

భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదలైంది. తొలి వినియోగదారుల్లో చాలామందికి బొమ్మలు లేని, అక్షరాలు మాత్రమే కనిపించే తెరే అంతర్జాలం. 1998 చివర్లో ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించాక నెట్ సెంటర్లు జిల్లా కేంద్రాలకు, ఆపైన చిన్న పట్టణాలకు చేరాయి. అంతకు కొన్నేళ్ళ ముందే ఎస్టీడీ బూతులు ఆ దారి వేసి ఉంచాయి. చాలాచోట్ల బూత్ నడిపినవారే ఒక మూల రెండు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటరుగా మార్చుకున్నారు.

మోడెమ్ చప్పుడుకు ఒక పని ఉంది. టెలిఫోను తీగను మనిషి గొంతు కోసం రూపొందించారు. సెకనుకు సుమారు 300 నుంచి 3400 కంపనాల మధ్య ఉన్న ధ్వనులే అందులో సరిగా ప్రయాణిస్తాయి. కంప్యూటరు సంకేతాలను ఆ పరిధిలోని ధ్వనులుగా మార్చడం, అవతల వాటిని తిరిగి సంకేతాలుగా మార్చడం మోడెమ్ పని. మొదట అవతలి మోడెమ్ 2100 కంపనాల కూతతో బదులిస్తుంది. ఆపైన రెండూ తీగ నాణ్యతను పరీక్షించి, ఎంత వేగంతో మాట్లాడుకోగలవో తేల్చుకుంటాయి. వినియోగదారుకు ఇదంతా వినిపించడానికి కారణం సామాన్యమైనది: లైను బిజీగా ఉన్నా, పొరపాటున ఎవరైనా మనిషి ఫోను ఎత్తినా తెలియాలి కదా. అనుసంధానం కుదరగానే స్పీకరు ఆగిపోతుంది.

ఈ పద్ధతిలో అందిన గరిష్ఠ వేగం సెకనుకు 56 కిలోబిట్లు, అంటే దాదాపు 7 కిలోబైట్లు. ఒక ఫ్లాపీలో పట్టే సమాచారం రావడానికి ఆ వేగంతోనే మూడున్నర నిమిషాలు పడుతుంది. వాస్తవంలో ఆ వేగం అరుదు. ఇంట్లో ఫోను వచ్చే అవకాశం అంతసేపూ ఉండదు, మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఈ నిదానం తెలుగు లిపి మీద సూటిగా ప్రభావం చూపింది. తెలుగు పుటను బొమ్మగా తీసి పంపడం ఎవరికైనా తోచే ఉపాయం. కొందరు అలా చేశారు కూడా. కాని ఒక్క కవిత బొమ్మ తెర మీద పైనుంచి కిందికి గీత గీతగా దిగుతూ ఉంటే పాఠకుడు ఎంతసేపు వేచి ఉంటాడు? అక్షరాలుగా పంపితే అదే కవిత కంటి రెప్పపాటులో వస్తుంది. కనుక అక్షరాలుగానే పంపాలి, కాని ఆ యంత్రాల్లో తెలుగు అక్షరాలు లేవు. తొలినాళ్ళ తెలుగు అంతర్జాల చరిత్ర ఈ ఇరుకులోంచి పుట్టింది.

4. అరువు అక్షరాల తెలుగు

భారతదేశంలో అంతర్జాలం ప్రజలకు అందకముందే అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు అది అందుబాటులో ఉండేది. యూజ్‌నెట్‌లోని తెలుగు చర్చావేదికలో వారు భాషను, సాహిత్యాన్ని, సినిమాలను, రాజకీయాలను గురించి రాసుకునేవారు. కీబోర్డు మీద ఉన్నవి ఆంగ్లాక్షరాలే కనుక తెలుగును వాటితోనే రాయవలసి వచ్చింది. ఎవరికి తోచినట్లు వారు రాస్తే చదవడం కష్టం. ఎం, ఏ, టి, ఏ అనే నాలుగక్షరాలు వరుసగా కనిపిస్తే అది ‘మాట’ కావచ్చు, ‘మాత’ కావచ్చు, ‘మత’ కావచ్చు. సందర్భాన్ని బట్టి పాఠకుడే పోల్చుకోవాలి.

1990ల తొలినాళ్ళలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి ఈ చిక్కును తీర్చింది. ఆ విశ్వవిద్యాలయం పేరు మీదుగానే దానికి ఆర్‌టీఎస్ అనే పేరు వచ్చింది. అందులోని ప్రధానమైన ఉపాయం ఆంగ్లంలోని చిన్నబడి, పెద్దబడి అక్షరాల తేడాను తెలుగు ధ్వనుల తేడాకు వాడుకోవడం. చిన్న ‘టి’ రాస్తే త, పెద్ద ‘టి’ రాస్తే ట. చిన్న ‘డి’ ద, పెద్ద ‘డి’ డ. అదేవిధంగా చిన్న ‘ఎన్’ న, పెద్దది ణ. చిన్న ‘ఎల్’ ల, పెద్దది ళ. పెద్ద ‘ఎం’ సున్న. హ్రస్వదీర్ఘాలకూ ఇటువంటి ఏర్పాటే. ఇలా రాసిన పాఠాన్ని తెలుగు లిపిలోకి మార్చి, టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థ ద్వారా కాగితం మీద ముద్రించడానికి ఒక ప్రోగ్రామును కూడా వారు తయారుచేశారు.

ఈ పద్ధతి గురించి నేడు జరిగే ప్రస్తావనలన్నీ అది ఒక తాత్కాలిక సర్దుబాటు అన్నట్లే సాగుతాయి. ఆంగ్లలిపిలో తెలుగు రాయడమంటే భాష పట్ల అశ్రద్ధ అనే అభిప్రాయం పండితుల్లో బలంగా ఉంది. ఆర్‌టీఎస్ విషయంలో ఈ అభిప్రాయం సరికాదు. ఆ పద్ధతిలో రాసేవారు ప్రతి మాటలోనూ అది లకారమా ళకారమా, నకారమా ణకారమా, శకారమా షకారమా సకారమా అని తేల్చుకొనే ముందుకు సాగాలి. కలం పట్టి తొందరలో రాసేటప్పుడు ‘వెళ్లు’, ‘వేల్లు’ అని తడబడే చేయి, పెద్దబడి అక్షరం కోసం షిఫ్ట్ మీట నొక్కే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఒత్తక్షరాలకు ‘హెచ్’ చేర్చాలి, ద్విత్వానికి అక్షరాన్ని రెండుమార్లు కొట్టాలి. లిపి అరువుదే కాని, వర్ణక్రమం మాత్రం తెలుగుదే. రాసినవారు తెలుగును చెవితో విని, ధ్వని ధ్వనిగా విడదీసి రాశారు. వ్యాకరణం చెప్పే వర్ణవిభాగాన్ని సంధి సూత్రాల కోసం కాక రోజువారీ ఉత్తరాల కోసం వాడుకున్న సందర్భం ఇది.

దీని ఫలితం చాలాకాలం తర్వాత గాని తెలియలేదు. ఆర్‌టీఎస్‌లో ఒక ధ్వనికి ఒక సంకేతం స్థిరంగా ఉంటుంది. కనుక ముప్ఫై ఏళ్ళ కిందట ఆ నియమాలు పాటించి రాసిన ఉత్తరం నేడు దొరికితే, ఒక చిన్న ప్రోగ్రాము దాన్ని క్షణంలో తెలుగు లిపిలోకి మార్చగలదు.

5. ఫాంటుల కాలం

తెర మీద తెలుగు లిపినే చూడాలన్న కోరిక బలమైనది, న్యాయమైనది. 1990ల రెండో సగంలో ఆ కోరిక తీరింది. తెలుగు పత్రికలు తమ జాలస్థలాలను తెరిచాయి. అమెరికాలోని తెలుగువారి పూనికతో ‘ఈమాట’ 1998లో మొదలైంది. పరదేశంలో ఉన్న పాఠకుడు పొద్దున్నే తన జిల్లా వార్తను తెలుగు అక్షరాల్లో చదవగలిగాడు. నాటి జ్ఞాపకాల్లో తీపి ఎక్కువగా ఉన్నది ఈ ఘట్టంలోనే. లోపం దాగి ఉన్నదీ ఇక్కడే.

అప్పటి యంత్రాలు ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్యను కేటాయించుకునేవి. అటువంటి సంఖ్యలు మొత్తం 256 మాత్రమే. వాటిలో కొన్ని యంత్రం సొంత అవసరాలకు పోతాయి. తెలుగులో హల్లులు, వాటి గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు కలిపి లెక్కిస్తే ఆ సంఖ్యలు ఏ మూలకూ చాలవు. కనుక ఫాంటు రూపకర్తలు అక్షరాన్ని ముక్కలుగా కోశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, సుడి ఒక ముక్క, వత్తులు వేరే ముక్కలు. ముక్కలను పక్కపక్కన, పైన, కింద పేర్చితే తెర మీద అక్షరం కనిపిస్తుంది. లోహపు టైపులు పేర్చిన అచ్చుకూర్పరి పని లాంటిదే ఇదీ.

కాని యంత్రం దృష్టిలో అక్కడ తెలుగు అక్షరమేదీ లేదు. ఆంగ్లాక్షరాలకు, ఐరోపా భాషల స్వరచిహ్నాలకు, గణితచిహ్నాలకు చెందిన సంఖ్యలే ఉన్నాయి. వాటికి తెలుగు వేషం వేసినది ఫాంటు. ఫాంటు తీసివేస్తే వేషం రాలిపోయి, అర్థంలేని చిహ్నాల వరుస బయటపడుతుంది. పైగా ఏ ముక్కకు ఏ సంఖ్య అన్నది ప్రతి సంస్థా తనకు తోచినట్లు నిర్ణయించుకుంది. ఒక పత్రిక ఫాంటుతో రెండో పత్రిక పుట చదవలేము. ఒక పత్రిక చదవడానికి ఒక ఫాంటు, ఇంకొక పత్రికకు ఇంకొకటి దింపుకోవలసి వచ్చేది.

ఈ ఇబ్బంది తప్పించడానికి పుటతోపాటు ఫాంటు కూడా దానంతటదే దిగే ఏర్పాటు 1997 ప్రాంతంలో వచ్చింది. దీనికి నెట్‌స్కేప్ విహారిణిలో ఒక పద్ధతి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో మరొక పద్ధతి. పాఠకుడికి ఇది గొప్ప సౌకర్యమే. కాని నెట్‌స్కేప్ తన ఆరవ రూపంలో, అంటే 2000 నాటికే, ఆ పద్ధతిని విడిచిపెట్టింది. ఎక్స్‌ప్లోరరుకు దాని సంస్థ 2022 జూన్‌లో స్వస్తి చెప్పింది. ఒక జాతి వార్తలు, కథలు, కవితలు రెండు విహారిణుల ఆయుర్దాయానికి ముడిపడ్డాయన్నమాట. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 1996 నుంచి జాలపుటలను భద్రపరుస్తూ వస్తోంది, అక్కడ వెతికితే ఆనాటి పుట దొరకవచ్చు. పుట దొరికినా దాని ఫాంటు దొరకకపోతే దొరికినది చిహ్నాల రాశి మాత్రమే.

ఫాంటు దొరికినా కథ ముగియదు. ముక్కలను తిరిగి అక్షరాలుగా గుర్తించాలి. తెలుగు లిపిలో ‘వు’, ‘మ’ ఆకారంలో ఎంత దగ్గరివో చేతిరాత చదివే ఉపాధ్యాయులందరికీ తెలుసు. ‘య’లోనూ ‘ఘ’, ‘ఝ’లలోనూ ఇతర అక్షరాలతో పంచుకోగల భాగాలున్నాయి. ముక్కలను పొదుపుగా వాడుకున్న ఫాంటులో ఒక ముక్క ఏ అక్షరానికి చెందినదో దాని పక్కనున్న ముక్కలను బట్టి ప్రోగ్రాము తేల్చుకోవాలి. వత్తు ముందు కొట్టారా, గుణింతపు గుర్తు ముందు కొట్టారా అన్నదీ మనిషిని బట్టి మారుతుంది. రెండు క్రమాల్లోనూ తెర మీద అక్షరం ఒకేలా కనిపిస్తుంది కనుక కొట్టినవారు పట్టించుకోనక్కరలేదు. మార్చే ప్రోగ్రాముకు మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు.

ఆంగ్లలిపిలో రాసిన ఆర్‌టీఎస్ తెలుగు అక్షరం చెదరకుండా తిరిగి వస్తోంది. తెలుగు లిపిలో ముద్దుగా కనిపించిన ఫాంటు తెలుగు ముక్కలై మిగిలింది. అరువు లిపి భాషను దాచింది, సొంత లిపి కేవలం దాని బొమ్మను దాచింది. గతకాలపు బెంగ ఈ తేడాను గమనించదు. దానికి గుర్తున్నది ఏ ముక్క ఎక్కడుందో కాదు, తెర మీద తెలుగు మొదటిసారి కనిపించిన ఉదయం.

6. యూనికోడ్ తెచ్చిన మార్పు

యూనికోడ్ దీనికి భిన్నమైన ఆలోచనతో మొదలైంది. అది ముక్కకు కాక వర్ణానికి సంఖ్య ఇస్తుంది. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు దక్కాయి. ‘క’ సంఖ్య 3093. ఏ ఫాంటు వాడినా, ఏ యంత్రం మీద తెరిచినా ఆ సంఖ్య మారదు. అక్షరాన్ని ఎలా గీయాలన్నది ఫాంటు పని, అది ఏ అక్షరమన్నది పాఠంలోనే ఉంటుంది. 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. ఈ వరుసకు ఆధారం అంతకుముందే భారతీయ లిపుల కోసం మన దేశంలో రూపొందిన ఇస్కీ ప్రమాణం.

మరి 1998లో పత్రికలు ఫాంటుల వైపు ఎందుకు వెళ్ళాయన్న ప్రశ్న సహజం. ప్రమాణం కాగితం మీద ఉండటం వేరు, ఇంటి కంప్యూటరులో పనిచేయడం వేరు. సామాన్యుల యంత్రంలో తెలుగు యూనికోడ్ సరిగా కనిపించడం 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో, దానితోపాటు వచ్చిన గౌతమి ఫాంటుతో మొదలైంది. అప్పుడు కూడా ఆ సదుపాయాన్ని వినియోగదారే సీడీ పెట్టి చేర్చుకోవలసి వచ్చేది. లేకపోతే అక్షరాల చోట చతురస్రాలు కనిపించేవి. తెలుగువారు వాటికి ‘డబ్బాలు’ అని పేరు పెట్టారు. ‘నీ మెయిలు డబ్బాలుగా వచ్చింది’ అన్న వాక్యం ఆ కాలపు మాట, నిఘంటువులకు ఇంకా చేరని మాట.

ఈ మార్పును నడిపినది ప్రభుత్వాలూ పెద్ద సంస్థలూ కాదు, ఎక్కువగా తీరిక వేళల్లో పనిచేసిన ఔత్సాహికులు. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు తొలి యూనికోడ్ తెలుగు ఫాంటుల్లో ముఖ్యమైనవి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున, పత్రికల ఫాంటు పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ అనే ఉపకరణాన్ని తయారుచేశారు. 2006లో వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ ఆంగ్లాక్షరాలు కొడుతూ ఉంటే కిందనే తెలుగు లిపిని చూపింది. లేఖిని అక్షరక్రమం ఆర్‌టీఎస్‌కు సన్నిహితమైనది. యూజ్‌నెట్ విద్యార్థుల చేతివేళ్ళకు అలవాటైన పద్ధతి, వారెన్నడూ చూడని తరానికి తెలుగు లిపిని ఇచ్చింది.

ఈ తరం పదాల విషయంలోనూ చురుకుగా ఉంది. అంతర్జాలంలో ప్రచురించే రాతకు ‘టపా’ అన్నారు. ‘టపా’ ఒకనాడు తపాలాకు ఉన్న పేరు, పెద్దల నోట వినిపించి మరుగున పడిన మాట. ఆంగ్లంలో రెండింటికీ ఒకే మాట ఉన్నందున పాత మాట కొత్త పనికి అమరింది. పుటను పుటతో కలిపే దానికి ‘లంకె’ అన్నారు. ఫాంటుకు ‘ఖతి’ అన్నారు. ‘లంకె’ నిలదొక్కుకుంది, ‘ఖతి’ కొద్దిమంది నోట మాత్రమే మిగిలింది. ఎవరూ అధికారికంగా నిర్ణయించకుండా, వాడుకలోనే పోటీపడి పదాలు నిలవడమో పోవడమో జరిగిన ఈ దశను ఆధునిక పదకల్పన అధ్యయనాలు ఇంకా తగినంతగా పట్టించుకోలేదు.

7. నూట అరవై, డెబ్బై

కంప్యూటరు మీద లిపి సమస్య ఇలా తీరుతున్న సమయంలోనే చేతిఫోను మీద తెలుగు మళ్ళీ ఆంగ్లాక్షరాల్లోకి వెళ్ళింది. సాధారణంగా దీనికి యువతరం నిర్లక్ష్యాన్ని కారణంగా చెబుతారు. లెక్క చూస్తే వేరే కారణం కనిపిస్తుంది.

ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు. ఆంగ్లాక్షరానికి ఏడు బిట్లు చాలు కనుక అందులో 160 అక్షరాలు పడతాయి. యూనికోడ్ తెలుగులో ఒక్కో సంకేతానికి పదహారు బిట్లు కావాలి, అప్పుడు పట్టేవి 70 మాత్రమే. పైగా గుణింతపు గుర్తు, పొల్లు, సున్న అన్నీ విడి సంకేతాలుగా లెక్కకు వస్తాయి. ‘తెలుగు’ అనే మూడక్షరాల మాట ఆరు సంకేతాలు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరమూ ఆరే. ‘విశ్వవిద్యాలయం’ పద్నాలుగు. మధ్యలో ఖాళీ కూడా వదలకుండా ఆ మాటను ఐదుసార్లు రాస్తే సందేశం నిండిపోతుంది. ప్రతి సందేశానికీ డబ్బు కట్టే రోజుల్లో, అవతలి ఫోనులో డబ్బాలుగా కనిపించే ప్రమాదం ఉన్నప్పుడు, ఎవరైనా ఆంగ్లాక్షరాలనే ఎంచుకుంటారు.

అయితే ఇది ఆర్‌టీఎస్ తెలుగు కాదు. కీప్యాడ్ ఫోనులో ‘ఎస్’ రావాలంటే ఏడో మీటను నాలుగుసార్లు నొక్కాలి. మాట మధ్యలో పెద్దబడి అక్షరం కావాలంటే ఇంకా శ్రమ. కనుక చిన్నబడి, పెద్దబడి తేడా పోయింది, దానితో త, ట తేడా, ల, ళ తేడా పోయాయి. దీర్ఘాలు కురచబారాయి, అచ్చులు రాలిపోయాయి. వర్ణక్రమాన్ని శ్రద్ధగా పాటించిన రోమన్ తెలుగును తెచ్చినది ఒక కీబోర్డు, దాన్ని చెరిపినది మరొక కీబోర్డు. నేటి ఫోనుల్లో తెలుగు కీబోర్డు ఉచితంగా ఉన్నా ఆ అలవాటు పోలేదు.

వాడుకలో నిలిచినవి అక్షరాలే కాదు, చేతికదలికలు కూడా. గుండ్రటి డయలున్న ఫోనుతో పుట్టిన ‘నంబరు తిప్పడం’ దాదాపు పోయింది. ‘ఫోను పెట్టేయడం’ మాత్రం స్థిరంగా ఉంది. నేటి సంభాషణ ముగింపులో దేన్నీ ఎక్కడా పెట్టరు. ‘మిస్డ్‌కాల్ ఇవ్వడం’లోని తెలుగు క్రియ మరీ ఆసక్తికరమైనది. తప్పిపోయిన దానిని ఒకరు మరొకరికి ఇవ్వడం తర్కానికి అందదు, చార్జీల భయంతో బతికిన వాడుకకు అందుతుంది. పరికరాన్ని మరచిపోయినా దాని జ్ఞాపకాన్ని భాష ఇలా మోస్తుంది, బెంగ అనే పేరు లేకుండానే.

8. గడిచిపోని గతం

పైన చెప్పినదంతా ముగిసిన చరిత్రగా భావిస్తే పొరపాటు. జాలపుటల్లో ఫాంటుల కాలం ముగిసినా, అచ్చు రంగంలో ముగియలేదు. తెలుగు పుస్తకాలు, పత్రికలు, ఆహ్వానపత్రికలు, విశ్వవిద్యాలయాల సిద్ధాంతగ్రంథాలు ఇప్పటికీ పెద్ద సంఖ్యలో అను వంటి ఫాంటులతో పేజ్‌మేకరులోనే తయారవుతున్నాయి. పేజ్‌మేకరు చివరి రూపం 2001లో వచ్చింది, 2004లో దాని అభివృద్ధి ఆగిపోయింది. దానికి తెలుగు యూనికోడ్ తెలియదు. ఇరవై ఏళ్ళ కిందట నిలిచిపోయిన ప్రోగ్రాములో నేటి తెలుగు పుస్తకం పుడుతోంది.

డీటీపీ సెంటర్లను ఇందుకు నిందించలేము. అలవాటైన కీబోర్డు మీద వారి వేగం గొప్పది. శీర్షికలకు తగిన అందమైన యూనికోడ్ ఫాంటులు చాలాకాలం లేవు. మండలి, రామభద్ర, గురజాడ, ధూర్జటి వంటివి ఉచితంగా అందేసరికి అచ్చు రంగం తన దారిలో స్థిరపడింది. పుస్తకం కాగితం మీదికి వస్తే చాలు అనుకున్నంతవరకు ఇందులో నష్టం కనిపించదు. నష్టం తర్వాత వస్తుంది. ఆ పాఠంలో ఒక మాట కోసం వెతకలేము. చూపులేని పాఠకుడికి చదివి వినిపించే ప్రోగ్రాము దాన్ని చదవలేదు. పదప్రయోగాలను లెక్కించే పరిశోధకుడికి అది పనికిరాదు. మార్పిడి ఉపకరణాలున్నాయి, అవి మెరుగుపడుతున్నాయి కూడా. అయినా మార్చిన ప్రతి పుటనూ మూలంతో సరిచూడక తప్పదు. అను ఫాంటులో తయారైన వ్యాసాన్ని యూనికోడ్‌లోకి మార్చి పంపిన పరిశోధకులందరికీ ఆ శ్రమ పరిచయమే.

తెలుగు శాఖల బీరువాల్లో ఉన్న సిద్ధాంతగ్రంథాల సీడీల విషయం ఆలోచించాలి. 1990ల చివరి నుంచి సమర్పించిన ఎన్నో గ్రంథాల మూలపాఠం అటువంటి ఫాంటుల్లోనే ఉంది. జానపద గేయాలు, మాండలిక పదాల పట్టికలు, శాసనపాఠాలు, చనిపోయిన కళాకారులతో జరిపిన ముఖాముఖులు వాటి అనుబంధాల్లో ఉన్నాయి. అచ్చయిన గ్రంథాలు కొన్నే. మిగిలిన వాటికి బైండు చేసిన ఒకటి రెండు ప్రతులు, ఒక సీడీ. సీడీ తెరుచుకోవాలి, దానిలోని ఫైలును తెరిచే ప్రోగ్రాము ఉండాలి, ఆ గ్రంథానికి వాడిన ఫాంటు, సరిగ్గా ఆ రూపంలోనే, దొరకాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా గేయం చిహ్నాల వరుస అవుతుంది.

గ్రంథంతోపాటు ఫాంటు ఫైలును కూడా దాచాలన్న నియమం ఆనాడు ఎవరికీ తోచలేదు. ఏ ఫాంటు వాడారో సీడీ మీద రాసిన సందర్భాలూ తక్కువే. ఆ సమాచారం తెలిసినవారు మాత్రం ఉన్నారు. విశ్వవిద్యాలయాల గేట్ల ఎదురుగా ఉన్న డీటీపీ సెంటర్లలో ఆ గ్రంథాలను కొట్టినవారికి ఏ ఏట ఏ ఫాంటు వాడారో, ఏ మీట నొక్కితే ఏ ముక్క పడుతుందో, వత్తు ముందు కొట్టేవారో తర్వాత కొట్టేవారో నేటికీ వేళ్ళకు గుర్తుంది. వారి నుంచి ఆ పట్టికలను రాయించుకోవడానికి పెద్ద ప్రాజెక్టు అవసరం లేదు. ఒక్కో శాఖ నుంచి ఒక విద్యార్థి, కొన్ని మధ్యాహ్నాలు చాలు. 1990లలో ఇరవై ఏళ్ళ వయసులో ఆ పనిలో చేరినవారికి ఇప్పుడు యాభైకి అటూ ఇటూగా ఉంటాయి.